ఇంట్లో ఫోను, ఒళ్లో బిడ్డ: పాఠకుల ప్రశ్నలకు పిల్లల డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను గురించే. మందుల మోతాదులు అడిగినవారికి విడిగా జవాబులు పంపాను. ఫోను సంగతులన్నీ ఒకచోట చేర్చి ఇక్కడ ఇస్తున్నాను. ఉత్తరాంధ్ర ప్రభుత్వాసుపత్రుల్లో పసిపిల్లల వార్డుల్లో పనిచేసి రిటైరైనదాన్ని కనుక అక్కడ చూసినవే ఎక్కువగా చెబుతాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నేను ఏజెన్సీలో ఆశా కార్యకర్తను. మా పరిధిలో కొన్ని ఊళ్లకు రోడ్డు లేదు. సిగ్నలు కావాలంటే గట్టెక్కాలి. మీటింగుకు వెళితే గర్భిణుల ఫోన్ నంబర్లు ఎక్కించండి, ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పండి అంటారు. ఇక్కడ ఇంటికొక ఫోను, అదీ మగాయన జేబులో ఉంటుంది. ఆయన పనికి వలస పోతే ఫోనూ ఆయనతోనే పోతుంది. నిజంగా ఫోను వల్ల బిడ్డలు బతుకుతారా, లేక మా నెత్తిన ఇంకో పని పెట్టడమేనా?
- ఒక ఆశా కార్యకర్త, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: తల్లీ, ముందు మీ రెండో మాటకు జవాబు చెబుతాను. మీరు నడిచి వెళ్లి చూసే చూపును ఫోను తీర్చలేదు. తీరుస్తుందని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి చూడాలన్న నియమం ఊరికే పెట్టలేదు. మన దేశంలో ఏడాది నిండకుండా పోయే బిడ్డల్లో మూడింట రెండు వంతుల మంది మొదటి 28 రోజుల్లోనే పోతున్నారు. ఒళ్లు చల్లబడిందా, బొడ్డు చుట్టూ ఎర్రబడిందా, రొమ్ము గట్టిగా పట్టి తాగుతున్నాడా అన్నవి ముట్టుకుని, పక్కన కూర్చుని తెలుసుకోవలసినవి. వాటిని ఫోనులో అడిగితే ఎవరైనా "బాగానే ఉన్నాడమ్మా" అనే అంటారు.

ఇక మొదటిది. ఫోను వల్ల బిడ్డలు బతికిన చోట్లు ఉన్నాయి. టాంజానియాకు చెందిన జాంజిబార్ దీవుల్లో 2009-10లో 24 ఆరోగ్య కేంద్రాలకు వచ్చే 2,550 మంది గర్భిణులతో ఒక ప్రయోగం జరిగింది. సగం కేంద్రాల్లో ఆడవాళ్లకు నెలలను బట్టి మెసేజీలు పంపారు. దాంతోపాటు తమ ఆరోగ్య కేంద్రంలోని మంత్రసానికి ఫోన్ చేసుకోవడానికి టాక్‌టైం వోచర్లు ఇచ్చారు. ఆ కేంద్రాల ఆడవాళ్లలో 60 శాతం మందికి శిక్షణ పొందినవారి చేతుల మీద కాన్పయింది. మిగతా కేంద్రాల్లో అది 47 శాతమే. కడుపులోనే పోయినవారు, పుట్టిన వారంలోపు పోయినవారు కలిపి ఫోను సాయం అందిన చోట వెయ్యికి 19 మంది బిడ్డలైతే, అందని చోట 36 మంది. ఇది చిన్న తేడా కాదు. దీనికి మెసేజీల కన్నా ఆ వోచర్లే ఎక్కువ పనిచేసి ఉంటాయని నేను అనుకుంటాను. నొప్పులు మొదలైన రాత్రి అవతల ఫోను ఎత్తి "బయలుదేరు, నేనున్నాను" అనే మనిషి దొరకడం వేరు, మెసేజీ చదువుకోవడం వేరు. మీకు పనికొచ్చే ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది. శిక్షణ పొందినవారి చేత కాన్పులు పెరగడమన్నది పట్నం ఆడవాళ్లలోనే స్పష్టంగా కనిపించింది. దూరపు పల్లెల్లో ఫోను మోగినా బండి రావాలి కదా!

గర్భిణులకు, బాలింతలకు ఫోనులో జాగ్రత్తలు వినిపించే మన కిల్కారీ పథకం సంగతీ చూద్దాం. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు వారానికొకటి చొప్పున 72 కాల్స్ ఉచితంగా వస్తాయి. డాక్టర్ అనిత అనే కల్పిత పాత్ర గొంతుతో మాటలు వినిపిస్తాయి, చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. మధ్యప్రదేశ్‌లో సుమారు 5,000 మంది గర్భిణులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకే ఈ కాల్స్ వచ్చేలా చేసి చూశారు. గర్భనిరోధక పద్ధతులు వాడేవారు కొంచెం పెరిగారు. ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టడంలో మాత్రం రెండు జట్ల మధ్య తేడా రాలేదు. నాకిది ఆశ్చర్యమనిపించలేదు. పాలు సరిగా పడటం లేదని ఏడ్చే బాలింతకు పక్కన కూర్చుని, బిడ్డను ఎలా ఎత్తుకోవాలో చూపించే చెయ్యి కావాలి. అదీగాక ఆ రాష్ట్రంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 39 శాతమే. దేశం మొత్తం మీద 54, తెలంగాణలో 60, మన ఆంధ్రప్రదేశ్‌లో 49. మీరు రాసిన "మగాయన జేబు" ఏజెన్సీ ఒక్కదాని కథ కాదు.

కాబట్టి నంబరు రాసుకునేటప్పుడు "మీ నంబరెంత" అని అడగకండి. పగటిపూట ఇంట్లో ఉండే ఫోను ఎవరిదో అడగండి. ఆడపడుచుదైనా, పక్కింటివాళ్లదైనా సరే, అదే ఎక్కించండి. సిమ్ము మారితే చెప్పమనండి. రీచార్జి అయిపోయి కొంతకాలమైతే వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయన్నది చాలామంది మరిచిపోతారు. కాన్పు నెలలో రీచార్జి చేయించుకోవడం కూడా తయారీలో భాగమేనని చెప్పండి. మీ నంబరు, ఏఎన్ఎం నంబరు, 108 తల్లీబిడ్డల కార్డు అట్ట మీద పెన్నుతో పెద్దగా రాయండి. ఫోనులో సేవ్ చేసిన నంబరు ఛార్జింగు పోతే దొరకదు, కార్డు మీది నంబరు ఎవరి ఫోను నుంచైనా కొట్టొచ్చు. తమ కంపెనీ సిగ్నలు లేనిచోట వేరే కంపెనీ సిగ్నలుంటే అత్యవసర నంబరు 112 కలిసే వీలుంది, అదీ చెప్పండి.

సిగ్నలు లేని ఊళ్ల విషయంలో మీరే ఎనిమిదో నెలలో ఇంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏ గట్టు మీద ఫోను పలుకుతుంది, రాత్రయితే ఎవరు పరుగెత్తుతారు, డోలీ మోసేదెవరు, బండి ఎక్కడిదాకా వస్తుంది? ఇవన్నీ నొప్పులు రాకముందే తేలాలి. అన్నిటికన్నా మంచిది నెలలు నిండేలోపే రోడ్డు పక్కకు దింపేయడం. సాలూరులో గిరిజన గర్భిణులకు పెట్టిన వసతి గృహం ఉద్దేశం అదే. అలాంటిది మీకు అందుబాటులో ఉంటే దాన్నే నమ్ముకోండి. మీరు ఎండలో వానలో చేస్తున్న పనికి నా నమస్కారం.

ప్రశ్న: మేడం, మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను దుబాయిల పని చేస్తున్న. నా భార్యకు కాన్పయినంక రోజూ వీడియో కాల్ల బిడ్డను చూపిస్తుండె. నాలుగో రోజు బిడ్డ పచ్చగ కనిపించింది. అడిగితే ఫోన్ల అట్ల కనవడుతది అన్నరు. రెండు రోజులైనంక పాలు తాగుతలేదని దవాఖానకు తీస్కపోతే, కామెర్లు ఎక్కువున్నయని లైట్ కింద పెట్టిన్రు. ఇప్పుడు మంచిగుంది. ఇంత దూరంల ఉన్న తండ్రి ఫోన్ల ఏం చూడాలె, ఏం అడగాలె?
- ఒక తండ్రి, దుబాయి

జవాబు: బాబూ, మీరు అడగడం సరైనదే. అనుమానం వచ్చిన తండ్రి మాటను ఇంట్లోవాళ్లు తోసేయకూడదు. కానీ వారు చెప్పిందాంట్లోనూ నిజం ఉంది. ఫోను కెమెరా రంగును తనకు తోచినట్టు మారుస్తుంది. గదిలో పసుపు బల్బు ఉంటే ప్రతి బిడ్డా పచ్చగానే కనబడుతుంది. తెల్ల ట్యూబులైటు కింద నిజంగా కామెర్లున్న బిడ్డ కూడా మామూలుగా కనబడొచ్చు. అందువల్ల వీడియోలో రంగు చూసి ఉందనీ లేదనీ తేల్చకండి.

ఇంట్లోవాళ్ల చేత ఇలా చేయించండి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర బిడ్డ బట్టలు విప్పి, వేలితో చర్మాన్ని నొక్కి వదలమనండి. నొక్కినచోట పసుపు కనబడితే కామెర్లు ఉన్నట్టే. మొదట మొహం, తర్వాత పొట్ట, ఆ తర్వాత కాళ్లు పచ్చబడతాయి. అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. పుట్టిన 24 గంటల్లోపు ఏమాత్రం పచ్చదనం కనబడినా వెళ్లాలి. రెండో మూడో రోజు మొదలై, బిడ్డ బాగా పాలు తాగుతూ ఉంటే చాలామందికి దానంతటదే తగ్గుతుంది. మరీ ఎక్కువైతే మాత్రం మెదడు దెబ్బతింటుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. పొద్దుటెండలో పడుకోబెడితే పోతుందని కూర్చోకండి, లైటు చికిత్స చేసే పని ఎండ చేయలేదు. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే, దొడ్డికి సున్నంలా తెల్లగా అవుతుంటే పైత్యరస నాళం మూసుకుపోయిందేమో చూడాలి. దానికి చేసే ఆపరేషన్ రెండు నెలల వయసు దాటకుండా చేస్తే ఫలితం మెరుగు. పుట్టిన ఊరికీ దుబాయికీ మధ్య "చూద్దాం, చూద్దాం" అనుకుంటుండగానే ఆ రెండు నెలలూ గడిచిపోవడం నేను వార్డులో చూశాను. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

వీడియో కాల్‌లో మీరు బాగా చూడగలిగినవి వేరే ఉన్నాయి. ఒకటి, పాలు తాగే తీరు. నిన్నటిదాకా తాగిన బిడ్డ ఈరోజు రొమ్ము వదిలేస్తుంటే, లేపినా లేవకపోతే అది చాలా పెద్ద ప్రమాద సూచన. రెండోది ఊపిరి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట చూపించమనండి. మీ ఫోనులో టైమర్ పెట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టండి. పసివాళ్ల ఊపిరి ఆగి ఆగి సాగుతుంది కనుక, అర నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవేయడం పనికిరాదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, అంతకు మించి వస్తే మరోసారి లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే, లేదా డొక్కలు లోపలికి పోతుంటే ఆలస్యం చేయొద్దు. ఒళ్లు కాలిపోవడం, మరీ చల్లబడటం, ఫిట్స్ రావడం, కదిపితేగాని కదలకపోవడం కూడా అంతే. ఏడాదిలోపు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, తీసుకెళ్లే బండి ఉచితం. డబ్బు పంపేదాకా ఆగమని ఎవరూ అనకుండా ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. దూరంలో ఉన్న తండ్రి చేయగలిగిన పెద్ద సాయం అది. మీరు నాలుగో రోజున అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న.

ప్రశ్న: అమ్మా, మా కోడలు పురిటికి పుట్టింటికి వెళ్లకుండా మా ఇంట్లోనే ఉంది. ఇరవై రోజుల బాలింత. పాలిస్తూ ఫోను చూస్తుంది, రాత్రిళ్లు వాళ్లమ్మతో మాట్లాడుతుంది. బాలింతకు కళ్లు పాడవుతాయని, బిడ్డ మీద ధ్యాస ఉండదని ఐదో నెల దాకా ఫోను తీసి బీరువాలో పెడదామనుకుంటున్నాను. మీరు ఒక మాట రాస్తే చూపిస్తాను.
- ఒక అత్తగారు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగిన మాట రాయలేను. ఫోను ఆ పిల్ల చేతిలోనే ఉండనివ్వండి. కాన్పయిన ఆడపిల్లకు మొదటి రెండు నెలల్లో దిగులు కమ్ముకోవడం చాలామందిలో ఉంటుంది. రాత్రి పది నిమిషాలు తల్లి గొంతు వినడం ఆ దిగులుకు మందు. ఆ వినే గొంతు కూడా లేకుండా చేస్తే పాలు తగ్గుతాయి గాని పెరగవు. మీరు పొలానికో గుడికో వెళ్లినప్పుడు బిడ్డకు ఆయాసం వస్తే ఆమె 108కి దేనితో ఫోన్ చేస్తుంది? బీరువా తాళం వెతకాలా?

మీరు అన్నదాంట్లో ఒకటి ఒప్పుకుంటాను. పాలిచ్చేటప్పుడు బిడ్డ తల్లి మొహం చూస్తుంది, తల్లి కూడా బిడ్డను చూస్తే మంచిది. ఎంత తాగాడో, ఎప్పుడు వదిలాడో అలా చూస్తేనే తెలుస్తుంది. ఆ మాట ప్రేమగా చెప్పండి. పక్కన కూర్చుని రెండు కబుర్లు చెప్పండి, ఫోను దానంతటదే పక్కకు పోతుంది. కళ్లు పాడవుతాయన్న భయం వద్దు. ఇంకో పని చేయండి, ఏఎన్ఎం నంబరు మీ కోడలి ఫోనులోనూ మీ ఫోనులోనూ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ప్రశ్న: మేడం, ఎక్కువమందికి ఫోన్లు ఉన్న దేశాల్లో శిశు మరణాలు తక్కువని మా లెక్చరర్ చెప్పారు. డబ్బున్న దేశాల్లో ఫోన్లూ ఉంటాయి, ఆస్పత్రులూ ఉంటాయి కదా! మరి ఫోను వల్లనేనని ఎలా చెప్పగలం?
- డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఈ ప్రశ్న నాకెంతో నచ్చింది. ఫోను టవరు వచ్చిన ఊరికి సాధారణంగా రోడ్డు, కరెంటు, బడి కూడా వచ్చి ఉంటాయి. బిడ్డను కాపాడింది అందులో ఏదన్నది విడదీయడం కష్టం. 2020లో కొందరు జనాభా శాస్త్రవేత్తలు 200కు పైగా దేశాల లెక్కలు, ఆఫ్రికాలోని ఏడు దేశాల్లో సుమారు లక్షమంది ఆడవాళ్ల సర్వే వివరాలు కలిపి చూశారు. ఆదాయం, చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నా ఫోన్లు పెరిగినచోట తల్లుల, బిడ్డల మరణాలు తగ్గడం కనిపించింది. పేద దేశాల్లో ఆ సంబంధం ఇంకా బలంగా ఉంది. సొంత ఫోను ఉన్న ఆడవాళ్లు ఇంటి నిర్ణయాల్లో ఎక్కువగా పాలుపంచుకుంటున్నారు. ఇది బలమైన సూచన. రుజువు మాత్రం చీటీ వేసి జట్లు విడదీసి చూసే ప్రయోగంలోనే దొరుకుతుంది.

అలాంటిది పశ్చిమ కెన్యా పల్లెల్లో జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. టీకా తేదీ దగ్గరపడగానే తల్లులకు మెసేజీ పంపారు. కొందరికి మెసేజీతోపాటు, సకాలంలో వేయిస్తే ఫోనుకే 75 షిల్లింగులు, ఇంకొందరికి 200 షిల్లింగులు పంపారు. ఏడాది నిండేసరికి అన్ని టీకాలూ పడిన బిడ్డలు ఏమీ అందని ఊళ్లలో 82 శాతం, మెసేజీ ఒక్కటే వెళ్లిన చోట 86, 75 షిల్లింగులు ఇచ్చిన చోట కూడా 86, 200 ఇచ్చిన చోట 90. స్పష్టంగా తేడా చూపింది ఆ చివరిదే. ఆ తల్లులు టీకా తేదీ గుర్తులేక కాదు, కూలి పోగొట్టుకుని దూరం నడవాలి గనుక ఆగి ఉంటారని నేను అనుకుంటాను. మన పల్లెల్లో కూడా టీకా ఎందుకు తప్పిందని అడిగితే "ఆ రోజు నాట్లకు పోయాను" అన్న జవాబే నేను ఎక్కువగా విన్నాను. మీ లెక్చరర్ గారితో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడండి.

ప్రశ్న: నెల బిడ్డకు తేనె నాకించమని, వసకొమ్ము అరగదీసి పెట్టమని యూట్యూబులో చెబుతున్నారు. టీకాల మీద కూడా భయపెట్టే వీడియోలు వస్తున్నాయి. ఏది నమ్మాలి?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా వద్దమ్మా. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది, కండరాలు చచ్చుబడి ఊపిరే ఆగిపోవచ్చు. వసకొమ్ము, గ్రైప్ వాటర్, మంచినీళ్లు ఏవీ ఆరు నెలల వరకు అక్కర్లేదు. కాటుకలో సీసం ఉండొచ్చు, అదీ వద్దు.

టీకాల సంగతికి ఒక్క ఉదాహరణ చెబుతాను. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా ఉద్యమం తమిళనాడు, కర్ణాటక తదితర చోట్ల మొదలైనప్పుడు వాట్సాప్‌లో పుకార్లు అంటుకున్నాయి. తల్లిదండ్రులు పిల్లల్ని వెనక్కి లాగారు, తమిళనాడులో గడువు పొడిగించాల్సి వచ్చింది. తట్టు అంటే దద్దుర్లు వచ్చి పోయేదే అనుకుంటారు. నిమ్ముకు తిరిగి, మెదడువాపు వచ్చి పోయిన పిల్లల తల్లులను ఓదార్చినదాన్ని నేను. వీడియో చేసినవారు రేపు మీ బిడ్డకు జ్వరం వస్తే ఫోన్ ఎత్తరు. మీ పీహెచ్‌సీ డాక్టరు ఎత్తుతారు, ఆ అనుమానం వారినే అడగండి.

ప్రశ్న: గర్భిణి ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటే రేడియేషన్ వల్ల బిడ్డకు హాని ఉందా?
- పేరు రాయలేదు, కర్నూలు

జవాబు: ఫోను తరంగాల వల్ల కడుపులోని బిడ్డకు హాని జరుగుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. నిద్ర చెడకుండా ఉండాలంటే మాత్రం దూరంగా పెట్టుకోండి. నెలలు నిండాక చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంచుకోండి.

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. ఫోనులో పాటలు పెడితేగాని ముద్ద మింగదు. మానిపించడమెలా?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: రెండేళ్ల లోపు పిల్లలకు అప్పుడప్పుడూ అమ్మమ్మ తాతయ్యలతో వీడియో కాల్ తప్ప ఫోను చూపించవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. తెర చూస్తూ తినే బిడ్డకు ఆకలి, కడుపు నిండడం రెండూ తెలియవు. ఒకేసారి మానిపించండి. మూడు నాలుగు రోజులు గొడవ చేస్తుంది, తక్కువ తింటుంది, కంగారుపడకండి. మెత్తగా కలిపిన పప్పన్నం కొంచెం తన ముందు పళ్లెంలో పెట్టి చేత్తో కెలకనివ్వండి. మీరూ ఎదురుగా కూర్చుని అదే తినండి. ఆ పాట మీ నోటితో పాడితే పాపకు ఇంకా ఇష్టం. వారం తర్వాత కూడా తినకపోతే, లేదా బరువు తగ్గితే అంగన్‌వాడీలో తూయించి ఆ కార్డుతో సహా మీ పిల్లల డాక్టరుకు చూపించండి.